జిల్లా కోర్టు రికార్డు గది: రెండు వందల ఏళ్ల కాగితాలు

తెలుగు జిల్లాల కోర్టుల్లో ముగిసిన ప్రతి దావా ఒక కట్టగా రికార్డు గదికి చేరుతుంది. అన్నదమ్ముల పంపకాలు, దత్తత చెల్లదన్న వాదన, చెరువు నీళ్ల తగాదా, గుడి ధర్మకర్తల పేచీ, అప్పు పత్రం మీద వసూలు దావా అన్నీ అక్కడికే వస్తాయి. శాసనాలూ, గ్రామ వృత్తాంతాలైన కైఫీయతులూ రాజుల గురించి, దానాల గురించి చెబుతాయి. పొలం గట్టు ఎక్కడుండేది, ఆడపిల్లకు పసుపు కుంకాల కింద ఏమిచ్చారు, కరువు ఏడాది వడ్డీ ఎంత పడింది వంటి వివరాలు మాత్రం కోర్టు కాగితాల్లోనే ఎక్కువగా దొరుకుతాయి. ఆ కాగితాల్లో ముఖ్యమైనవి చట్టం దృష్టిలో ప్రజా పత్రాలు. అడిగే పద్ధతి తెలిస్తే సామాన్యుడు కూడా వాటి నకలు తీసుకోవచ్చు.

కోస్తా, రాయలసీమల్లో ఈ రికార్డుకు పునాది 1802లో పడింది. ఆ ఏడు ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీకి రెగ్యులేషన్లు చేసి జిల్లా అదాలత్‌లను, వాటి మీద అప్పీళ్లు వినే సదర్ అదాలత్‌ను ఏర్పాటు చేసింది. థామస్ మన్రో సూచించిన సంస్కరణలతో 1816లో జిల్లా మున్సిఫులు, గ్రామ మున్సిఫులు వచ్చారు. చిన్న తగాదాలు ఊరి దాపుల్లోనే తేలే ఏర్పాటు అది. రైతులు, కోమట్లు, చేతిపనులవాళ్ల పేర్లు ఎక్కువగా కాగితం మీదికి ఎక్కింది ఈ కింది మెట్టు కోర్టుల్లోనే. అప్పటి కోర్టు తెలుగులో పారసీ, హిందుస్తానీ మాటలు ఎంతగా కలిసిపోయాయంటే, బందరు, రాజమండ్రి కోర్టుల్లో పనిచేసిన సి.పి. బ్రౌన్ ఆ మాటల కోసమే 1852లో జిల్లా నిఘంటువు అచ్చు వేయించాడు. పందొమ్మిదో శతాబ్దపు దస్తావేజులు చదివేవారికి అది నేటికీ పనికొస్తుంది.

1859లో తొలి సివిల్ ప్రొసీజర్ కోడ్, 1862లో మద్రాసు హైకోర్టు, 1872లో సాక్ష్య చట్టం, 1873లో మద్రాసు సివిల్ కోర్టుల చట్టం వచ్చాయి. వీటితో కాగితాల తీరు ఒక దారికి వచ్చింది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం ప్రతి కోర్టూ దావాల రిజిస్టరు పెట్టాలి. దావాలు స్వీకరించిన వరసలో ఏడాదికొకసారి ఒకటో నంబరు నుంచి అంకెలు వేయాలి. ‘ఓ.ఎస్. 212/1931, తెనాలి జిల్లా మున్సిఫ్ కోర్టు’ అన్న తరహా గుర్తు అలా వేసిందే. నంబరు, సంవత్సరం, కోర్టు పేరు అనే ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా వెతుకులాట కష్టమవుతుంది. అసలు దావా ఓ.ఎస్., అప్పీలు ఏ.ఎస్., మధ్యంతర దరఖాస్తు ఐ.ఏ., డిక్రీ అమలు ఈ.పి., క్రిమినల్ వైపు మేజిస్ట్రేటు కేసు సి.సి., సెషన్స్ కేసు ఎస్.సి. ఒకే తగాదాకు ఇవన్నీ ఉండొచ్చు కాబట్టి ఏ కాగితం ఏ నంబరు కింద ఉందో ముందే చూసుకోవాలి.

ఒక పంపకాల దావా కట్ట విప్పితే ముందు వాదపత్రం, దాని వెనకే వంశవృక్షం, ఆస్తి షెడ్యూలు ఉంటాయి. స్థిరాస్తి దావాలో హద్దులో సర్వే నంబర్లో తప్పక రాయాలన్నది కోడ్ నియమం. అందుకే తూర్పున ఫలానావారి మెట్ట, పడమర డొంక, ఉత్తరాన ఊర చెరువు గట్టు, దక్షిణాన పుంత అంటూ నాలుగు హద్దులూ కనిపిస్తాయి. తర్వాత ప్రతివాది జవాబు, విచారణాంశాలు, సాక్షుల వాంగ్మూలాలు. పాత వాంగ్మూలం పైభాగంలో సాక్షి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, వృత్తి, కాపురం ఉండే ఊరు రాసేవారు. తాత ఏ ఊరి నుంచి వలస వచ్చాడో తెలియని కుటుంబాలకు ఆ ఒక్క వరసలోనే జవాబు దొరకవచ్చు. వాది దాఖలు చేసిన పత్రాలకు ఏ-1, ఏ-2 అనీ, ప్రతివాది పత్రాలకు బి-1, బి-2 అనీ గుర్తులు వేస్తారు. చివర తీర్పు, డిక్రీ ఉంటాయి. తీర్పు కారణాలు చెబుతుంది, డిక్రీ ఎవరికి ఏమి దక్కిందో చెబుతుంది. ఆస్తి హక్కు కోసం వెతికేవారికి డిక్రీ చాలు. చరిత్ర కోసం వెతికేవారు వాంగ్మూలాలు అడగకుండా వెనుదిరగకూడదు.

తెలంగాణ సంగతి వేరు. నిజాం రాజ్యంలో పారసీ స్థానంలో ఉర్దూ వచ్చాక కోర్టు కాగితాలు చాలావరకు ఉర్దూలోనే నడిచాయి. తారీఖులు ఫసలీ లెక్కలో ఉంటాయి. ఆ అంకెకు 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది: ఫసలీ 1350 అంటే 1940-41. అక్కడి ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది కనుక ఒక ఫసలీ ఏడు రెండు ఇంగ్లిషు ఏళ్లలో పరుచుకుంటుంది. ఈ లెక్క తెలియక పక్క ఏడాది రిజిస్టరు తిరగేసి ‘లేదు’ అనుకునేవారున్నారు. పైగా అన్ని కేసులూ సర్కారు అదాలత్‌కు వచ్చేవి కావు. పెద్ద జాగీర్లకు, గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలకు సొంత న్యాయాధికారాలు ఉండేవి. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా అది సాగింది. ప్రభుత్వ దఫ్తరాల పాత పారసీ, ఉర్దూ పత్రాలు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కోర్టులో దొరకని సందర్భంలో రెండో గడప అది.

ఏ కోర్టును అడగాలన్న ప్రశ్న తెలుగువారికి మరీ చిక్కుది. కోస్తా, సీమ జిల్లాల అప్పీళ్లు 1954 దాకా మద్రాసు హైకోర్టుకు వెళ్లేవి. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది, 1956 నవంబరులో హైదరాబాదుకు మారింది. 2019 జనవరి 1న రెండు రాష్ట్రాలకూ వేర్వేరు హైకోర్టులు ఏర్పడి ఆంధ్రప్రదేశ్‌ది అమరావతికి వచ్చింది. కింది కోర్టుల్లోనూ ఇదే తంతు. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది కాబట్టి అంతకు ముందరి కేసుకు ఖమ్మం ఒక్కటే చూస్తే సరిపోదు. నేటి సూర్యాపేట జిల్లాలోని మునగాల పరగణా ఒకప్పుడు నిజాం రాజ్యం నడుమ ఉన్న కృష్ణా జిల్లా ముక్క. ప్రకాశం జిల్లా 1970లో పుట్టింది, దాని పాత కేసులు గుంటూరు, నెల్లూరు, కర్నూలు కోర్టులవి. తెలంగాణలో 33 జిల్లాలకూ జిల్లా కోర్టులు వచ్చింది 2022లోనే. కోర్టుల పేర్లూ మారాయి: జిల్లా మున్సిఫ్ కోర్టు నేడు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, సబ్ కోర్టు సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. దావా వేసిన ఏడాది ఆ ఊరు ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండేదో తేల్చుకున్నాకే బయలుదేరాలి.

ఒకే కేసు కాగితాలు ఎంత దూరం పోతాయో పాకాల నారాయణస్వామి కేసు చూపిస్తుంది. 1937 మార్చిలో పూరీ రైల్వే స్టేషనులో మూడో తరగతి పెట్టెలో ఎవరూ తీసుకుపోని ఇనుప ట్రంకులో ఒక మనిషి శవం ముక్కలుగా దొరికింది. చనిపోయినవాడు పిఠాపురం దివాను దగ్గర నౌకరు. ముద్దాయి బరంపురంలో కాపురమున్న దివాను అల్లుడు. బాకీ డబ్బు కోసం బరంపురం వెళుతున్నానని నౌకరు భార్యతో చెప్పి బయలుదేరాడు. ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుందా అన్నది ప్రశ్న. 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమయ్యాక బరంపురం ఉన్న గంజాం అందులో చేరింది, ఒరిస్సాకు అప్పట్లో పట్నా హైకోర్టే దిక్కు. అందుకే కేసు మద్రాసుకు కాక పట్నాకు, అక్కణ్నించి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లింది. 1939 జనవరిలో లార్డ్ అట్కిన్ తీర్పు చెప్పారు. భార్యతో అన్న మాట చెల్లుతుందని, ముద్దాయి పోలీసులకిచ్చిన వాంగ్మూలం చెల్లదని తేల్చి, శిక్షను మాత్రం ఖాయం చేశారు. పిఠాపురంలో మొదలైన కథకు తూర్పు గోదావరి రికార్డు గదిలో ఎంత వెతికినా లాభం లేదు. ప్రివీ కౌన్సిల్ తీర్పు పాఠం ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవవచ్చు.

నంబరు తెలియని పాత కేసుకు దారి చూపేవి అచ్చయిన తీర్పుల సంపుటాలే. 1876 నుంచి వస్తున్న ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు వరస, 1891లో మొదలైన మద్రాస్ లా జర్నల్, 1914 నుంచి తీర్పులున్న ఆల్ ఇండియా రిపోర్టర్ బార్ అసోసియేషన్ గ్రంథాలయాల్లో ఉంటాయి. హైకోర్టు తీర్పులో కింది కోర్టు పేరు, దావా నంబరు చాలాసార్లు పేర్కొంటారు. హైకోర్టుకు పోని కేసుకైతే ఇంట్లోని దస్తావేజులే ఆధారం. కోర్టు డిక్రీ వల్ల ఆస్తి వచ్చినట్టయితే తర్వాతి అమ్మకం పత్రంలో ఆ దావా నంబరు రాసి ఉంటుంది. ఈ మధ్య కాలపు కేసులకు ఇంత శ్రమ అక్కర్లేదు. ఈ-కోర్ట్స్ సైటులో, యాప్‌లో కక్షిదారు పేరుతోనో కేసు నంబరుతోనో వెతకవచ్చు. ప్రతి కేసుకూ పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది. అది దొరికితే వాయిదాలు, ఉత్తర్వులు కనిపిస్తాయి. అయితే తాతల కాలపు దావాలు అందులో ఉంటాయని ఆశపడకూడదు. తెరమీద కనిపించే ప్రతి కూడా సమాచారానికే తప్ప రుజువుకు సరిపోదు.

రుజువుకు కావలసింది ధ్రువీకరించిన నకలు. కోర్టు చర్యల రికార్డు ప్రజా పత్రమని, చూసే హక్కు ఉన్నవారికి రుసుము తీసుకుని, తేదీ, సంతకం, హోదా, ముద్రలతో నకలు ఇవ్వాలని 1872 సాక్ష్య చట్టం 74, 76 సెక్షన్లు చెప్పాయి. 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో ఇవే 74, 75 సెక్షన్లు. కోర్టు మనుషులు సి.ఏ. అని పిలిచే కాపీ దరఖాస్తులో కోర్టు పేరు, కేసు నంబరు, కక్షిదారుల పేర్లు, కేసు ముగిసిన తేదీ, కావలసిన కాగితం పేరు స్పష్టంగా రాసి కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇస్తారు. ‘కేసు కాగితాలన్నీ’ అని రాస్తే పని జరగదు. తీర్పు, డిక్రీ, ఫలానా సాక్షి వాంగ్మూలం, ఏ-3 పత్రం అని విడివిడిగా రాయాలి. రికార్డు దొరికాక ఎన్ని పేజీలో లెక్కగట్టి, కట్టవలసిన సొమ్ము నోటీసు బోర్డు మీద పెడతారు. చాలా దరఖాస్తులు ఆగిపోయేది ఇక్కడే. బోర్డు చూసుకోక, గడువులో సొమ్ము కట్టక దరఖాస్తు కొట్టేయించుకుంటారు.

నకలు చివరి పేజీ చూస్తే ఆ కాగితం ప్రయాణమంతా కనిపిస్తుంది. దరఖాస్తు పెట్టిన తేదీ, సొమ్ము అడిగిన తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, అందజేసిన తేదీ వరసగా ఉంటాయి. కింద నకలు రాసినవారి, అసలుతో పోల్చి చూసినవారి పొట్టి సంతకాలు. ఈ తేదీలు ఊరికే వేసినవి కావు. నకలు తయారీకి పట్టిన కాలాన్ని అప్పీలు గడువు నుంచి తీసివేయాలని 1963 పరిమితి చట్టం 12వ సెక్షను చెబుతుంది. అందుకే ఆ పేజీని పారేసుకున్న కక్షిదారు తన గడువును తానే పోగొట్టుకున్నవాడవుతాడు.

కక్షిదారు కానివారు, అంటే పరిశోధకుడు, పత్రికా విలేకరి, పక్క పొలం రైతు వంటివారు అడిగితే అవసరమేమిటో అఫిడవిట్‌లో చెప్పాలి. తీర్పు వెలువడిన కేసులో నకలు రావడం తేలిక, నడుస్తున్న కేసులో న్యాయమూర్తి అనుమతి కావాలి. సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు కదా అన్న వాదనను సుప్రీంకోర్టు 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు కేసులో తోసిపుచ్చింది. న్యాయ రికార్డు కోసం హైకోర్టు నియమాల దారినే వెళ్లాలని తేల్చింది. ఏ కారణమూ చూపనివారికి కూడా ముగిసిన కేసు తీర్పు అందుబాటులో ఉండాలన్నది న్యాయమైన కోరిక. కోర్టు తలుపులు విచారణకు తెరిచి ఉంచే దేశంలో ముగిసిన విచారణ కాగితానికి సంజాయిషీ అడగడం పొసగదు. కొన్ని రికార్డులకు మాత్రం తలుపు మూసి ఉండటమే సరైనది. అత్యాచార బాధితుల, పిల్లల గుర్తింపు తెలిపే కాగితాలు, విడాకుల కేసుల్లోని ఇంటి సంగతులు ఎవరంటే వారి చేతికి ఇవ్వరు.

కోర్టు కాగితం శాశ్వతమన్న నమ్మకం తప్పు. 1917 నాటి రికార్డుల ధ్వంస చట్టం కింద హైకోర్టులు చేసిన నియమాల ప్రకారం, కేసు ముగిశాక గడువు తీరిన కాగితాలను విడతలుగా తీసేస్తారు. తీర్పులు, డిక్రీలు, రిజిస్టర్లు ఎక్కువ కాలం నిలుస్తాయి. చిన్న దరఖాస్తులు, సమన్లు ముందు పోతాయి. కక్షిదారులు దాఖలు చేసిన అసలు పత్రాలను కేసు ముగిశాక తిరిగి తీసుకోవచ్చని కోడ్ చెబుతుంది. అయినా ఎవరూ అడగక తాతల నాటి భూమి పత్రాలు కట్టల్లోనే చివికిపోతున్నాయి. ధ్వంసం చేసే ముందు నోటీసు వేస్తారు గానీ దాన్ని చదివేవారు అరుదు. చెదలు, వానచెమ్మ, పాత భవనాల కప్పులు నోటీసు కూడా ఇవ్వవు. తెలుగు రాష్ట్రాల హైకోర్టులు పాత మున్సిఫ్ కోర్టుల వాంగ్మూలాలను, దావాల రిజిస్టర్లను ధ్వంసం జాబితాలో చేర్చే ముందు ఆర్కైవ్స్‌కు చూపించాలి. తమ ఇంటి దస్తావేజుల్లో దావా నంబరు ఉన్నవారు ఆ తీర్పు, డిక్రీ, వాంగ్మూలాల నకళ్లకు ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోవాలి.