బొగ్గు పటం మీద ఊరి పటం

గోదావరిఖనిలో భూమికి రెండు పటాలుంటాయి. ఒకటి మున్సిపాలిటీది: రోడ్లు, ఇళ్లు, చెరువులు, మార్కెట్లు. రెండోది సింగరేణి సర్వే విభాగం గీసుకునేది: బొగ్గు పొర ఎంత లోతున ఉంది, ఏ బాయి (గని) ఎక్కడిదాకా పోయింది, ఎక్కడ ఇసుకతో నింపారు, ఎక్కడ పైకప్పును కూలనిచ్చారు. అరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఏ నేల దేనికో తేల్చింది రెండో పటమే. మొదటిది దాని వెనకాల నడిచింది.

బొగ్గు కథ ఇక్కడ మొదలవలేదు. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి తవ్వే హక్కులు దక్కాయి. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్‌గా మారింది, 1945లో నిజాం ప్రభుత్వం చేతికొచ్చింది. గోదావరి ఒడ్డున గనులు మాత్రం 1960ల మొదట్లో గానీ తెరుచుకోలేదు. గోదావరిఖని నేడు భాగమైన రామగుండం అంటే అప్పటికి కాజీపేట–బల్లార్షా లైనులో ఒక స్టేషను, రాముడి పేరుతో చెప్పుకునే గుండాలున్న గుట్ట, చెరువుల కింద పొలాలు. గోదావరిఖని అనే ఊరికైతే ఆ పేరే గని ఇచ్చింది.

కంపెనీ మొదట తనకు కావలసినంత మేరకే ఊరు కట్టుకుంది. బాయి నంబరే కాలనీ పేరైంది. ఎనిమిదో ఇంక్లైను (ఏటవాలు గని) దగ్గరి క్వార్టర్లు ఈనాటికీ యైటింక్లయిన్ కాలనీయే. తర్వాత వచ్చిన సెంటినరీ కాలనీకి నంబరు పోయి శతాబ్ది పండుగ పేరొచ్చింది. కాలనీల్లో వీధులు, నల్లాలు, ఆస్పత్రి, క్లబ్బు అన్నీ లెక్క ప్రకారం వచ్చాయి. లెక్కలో లేనిదల్లా మిగతా జనం. కాంట్రాక్టు కూలీలు, బదిలీ కార్మికులు, చాయ్ బండ్లవాళ్లు, కిరాణా కొట్లవాళ్లు కాలనీల అంచుల్లో, సర్కారు స్థలమో కంపెనీ స్థలమో తేలని చోట గుడిసెలేశారు. అవి ఇళ్లయ్యాయి, మేడలయ్యాయి. ఇంటి నంబరుంది, కరెంటు మీటరుంది, పన్ను రసీదుంది. పట్టా లేదు.

ఇక్కడ చట్టాల సంగతి కొంచెం ఆగి చూడాలి. 1965 మున్సిపాలిటీల చట్టమైనా, 1975 పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టమైనా ఒక నమ్మకం మీద నిలబడ్డాయి: ఊరి కింది నేల కదలదు. గనుల చట్టాల నమ్మకం వేరు: నేల కదులుతుంది, పైనున్నది అడ్డం. 1957 బొగ్గు గనుల నిబంధనల ప్రకారం రైలు పట్టాలకు, రోడ్డుకు, పరాయి కట్టడానికి 45 మీటర్ల లోపు భూగర్భంలో పని చేయాలంటే గనుల భద్రతాధికారి ముందస్తు అనుమతి ఉండాల్సి వచ్చేది. బొగ్గు తీసిన ఖాళీలో కొన్ని చోట్ల గోదావరి ఇసుకను నీళ్లతో పంపి నింపారు, కొన్ని చోట్ల స్తంభాలు వదిలేశారు. ఈ ఊరిని కాపాడిన అసలు పరిరక్షణ నియమం చాలాకాలం ఈ 45 మీటర్ల నిబంధనే అని నా అభిప్రాయం. అది టౌన్‌ప్లానింగు పుస్తకంలోది కాదు.

తర్వాత ఫ్యాక్టరీలు బారులు తీరాయి. 1971లో 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం వచ్చింది. 1978లో ఎన్టీపీసీకి శంకుస్థాపన జరిగింది, 1983లో తొలి యూనిట్ మొదలైంది, పోనుపోను అది 2,600 మెగావాట్లకు చేరింది. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. దాని స్థలంలోనే 2021లో కొత్త ఎరువుల సంస్థ ఆర్‌ఎఫ్‌సీఎల్ యూరియా తీసింది. ఒక్కో సంస్థకు ఒక్కో టౌన్‌షిప్, సొంత నీళ్లు, సొంత పార్కు, చుట్టూ ప్రహరీ. ప్రహరీల మధ్య మిగిలిన జాగా పేరే మున్సిపాలిటీ! బూడిదకు మాత్రం ప్రహరీ లేదు. కుందనపల్లి బూడిద చెరువు మీద గాలి లేస్తే అది అందరిదీ అవుతుంది.

ఓపెన్‌కాస్టులు ఈ లెక్కను తలకిందులు చేశాయి. భూగర్భ గని పైన ఊరిని ఉండనిస్తుంది, ఓపెన్‌కాస్టు ప్రాజెక్టుకు (ఓసీపీకి) ఊరే కావాలి. లద్నాపూర్, బుధవారంపేట లాంటి పల్లెలు ఓసీపీ–2 విస్తరణకు దారి ఇవ్వాల్సి వచ్చింది. పొలాలున్న చోట గుంత, గుంత పక్కన బొగ్గు మీది నుంచి తవ్విపోసిన ఓబీ మట్టి గుట్ట. ఆ గుట్టల మీద సింగరేణి మొక్కలు పెంచింది, పచ్చదనం వచ్చింది. పాత నేల వరుస, పాత వాగుల దారి తిరిగి రావు. ఓసీపీ–5 పట్టణానికి ఆనుకునే రావడంతో బ్లాస్టింగు అదురు గోదావరిఖని ఇళ్ల గోడలదాకా చేరింది. ఇక్కడో విచిత్రం ఉంది. ఊళ్లో నేలను దేనికి వాడాలో బహిరంగంగా మాట్లాడే వేదిక జనానికి దొరికింది పర్యావరణ అనుమతుల ప్రజాభిప్రాయ సేకరణలో, అదీ 1990ల తర్వాత. పురపాలక చట్టాలు ఆ పని చేయలేకపోయాయి.

2009 ఒకలాంటి మలుపు. ఆ ఏడాదే రామగుండం కార్పొరేషన్ అయింది. ఆ ఏడాది ఆగస్టులోనే కేంద్ర బొగ్గు శాఖ గని మూసివేత ప్రణాళికల మార్గదర్శకాలిచ్చింది: ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష రూపాయల లెక్కన ఎస్క్రో ఖాతాలో దాచాలి, తవ్వడం అయ్యాక నేలను చక్కబరచాలి. ఒకే నేలకు సంబంధించిన ఈ రెండు కాగితాలూ వేర్వేరు బల్లల మీద పుట్టాయి, వేర్వేరు బల్లల మీదే ఉండిపోయాయి. 2011 జనగణనలో రామగుండం జనాభా 2,29,644. పదేళ్ల ముందటి కంటే కాస్త తగ్గింది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య బాగా కరిగిపోయిన కాలం అది, ఎరువుల కర్మాగారం మూతపడి ఉన్న కాలం కూడా. మాస్టర్‌ప్లాన్ అనగానే పెరిగే జనాన్ని లెక్కగట్టడం మన అలవాటు. తగ్గే ఊరికి పటం గీయడం మనకు చేతకాదు.

2015లో అమృత్ పథకం వచ్చి, అందులోని పట్టణాలకు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా మాస్టర్‌ప్లాన్లు వేయాలంది. రామగుండం ఆ జాబితాలో ఉంది. 2019 తెలంగాణ పురపాలక చట్టం బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి పెట్టమంది. రెండూ మంచివే. కానీ ఉపగ్రహానికి కనిపించేది పైపొరే.

సింగరేణి కంపెనీగా మారిన 1920లోనే జర్మనీలో రూర్ బొగ్గు ప్రాంతపు పట్టణాలన్నీ కలిసి ఒక ఉమ్మడి ప్రణాళికా సంఘం పెట్టుకున్నాయి. గనులు జోరు మీదున్నప్పుడే ఊళ్ల మధ్య పచ్చని పట్టీలు ఎక్కడుండాలో అది పటంలో గీసి ఉంచింది. 1989లో ఆ ప్రాంతాన్ని చక్కదిద్దే ఎమ్షర్ పార్కు పనులు మొదలుపెట్టినప్పుడు వాళ్లకు ఆ పాత గీతలు అక్కరకొచ్చాయి. మనకు దగ్గరి ఉదాహరణ ఝరియా బొగ్గు ప్రాంతం: కింద మంటలు, పైన జనం, తరలింపు ప్రణాళికకు కేంద్రం ఆమోదం 2009లో. ముందే గీసుకోకపోతే ఎంత ఖర్చో అక్కడ తెలుస్తుంది.

రామగుండానికి ఇంకా వ్యవధి ఉంది. ఎన్టీపీసీ తన రిజర్వాయరు మీద దాదాపు 500 ఎకరాల్లో 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం పెట్టి 2022లో పూర్తిచేసింది. మేడిపల్లి పాత ఓపెన్‌కాస్టు గుంతలో నీటితో విద్యుత్తు నిల్వ చేసే 500 మెగావాట్ల కేంద్రాన్ని సింగరేణి ప్రతిపాదించింది. కంపెనీ సర్కారుకు అప్పగించిన స్థలాల్లోని ఇళ్లకు బెల్లంపల్లి, మందమర్రి లాంటి చోట్ల ప్రభుత్వ ఉత్తర్వు (జీవో) 76 కింద పట్టాలొచ్చాయి. అంటే నేల చేతులు మారడం మొదలైంది. ఇక చేయాల్సిన పని చాలా మామూలుది: ప్రతి గని మూసివేత ప్రణాళిక, కార్పొరేషన్ మాస్టర్‌ప్లాన్‌కు జతపత్రం కావాలి, భూగర్భ పటాన్ని చూడకుండా ఏ వార్డులోనూ నిర్మాణ అనుమతి ఇవ్వకూడదు, గుంత నీళ్ల చుట్టూ ఎంత దూరం ఖాళీగా వదలాలో గని నడుస్తుండగానే రాసిపెట్టాలి.