ఉచితంగా కట్టిన కట్టు: పశువైద్య దాతృత్వం నడిచిన దారి

కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో రెండో ప్రధాన శాసనం వైద్యం గురించి మాట్లాడుతుంది. మనుషులకొక వైద్యం, పశువులకొక వైద్యం ఏర్పాటు చేయించాననీ, మందు మొక్కలు లేని చోట తెప్పించి నాటించాననీ చెబుతుంది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నాటి ఆ రాతలో పశువుల వైద్యం రాజు బాధ్యత. ఈ రోజు పెద్ద పశువైద్య కంపెనీలు ‘సమాజానికి తిరిగి ఇస్తున్నాం’ అంటున్నాయి. ఆ మాట బోర్డు మీదికి ఎక్కడానికి చాలా కాలం ముందే ఆ పని చాలామంది చేతులు మారింది. రాజుల తర్వాత దాతలు, వాళ్ల తర్వాత ఒక ఆడమనిషి, చివరికి కంపెనీలు దాన్ని అందుకున్నాయి.

ఆధునిక పశువైద్యం పుట్టినప్పుడు దానికి పెంపుడు జంతువుతో పని లేదు. ఫ్రాన్సులోని లియాన్‌లో 1762లో క్లాడ్ బూర్జెలా తొలి పశువైద్య పాఠశాల తెరిచాడు. అప్పట్లో యూరప్ మందలను ముసర వ్యాధి ఊడ్చుకుపోతోంది. పశువులు పోతే పొలాలు ఆగేవి, గుర్రాలు పోతే సైన్యాలు ఆగేవి. అందుకే ప్రభుత్వాలు పశువైద్యులను తయారుచేశాయి. వీధిలో కుంటుతున్న కుక్కకీ, బండి లాగే గాడిద మెడ మీది పుండుకీ ఆ లెక్కలో చోటు లేదు.

ఆ ఖాళీ ముందుగా కనబడిన చోట్లలో బొంబాయి ఒకటి. 1874లో అక్కడ జంతుహింస నివారణ సంఘం ఏర్పడింది. 1883లో పరేల్‌లో బాయి సకర్‌బాయి దిన్షా పెటిట్ జంతు వైద్యశాల మొదలైంది. నూలు మిల్లుల యజమాని, పార్సీ దాత దిన్షా పెటిట్ తన భార్య పేరు మీద పెట్టించిన ఆసుపత్రి అది. ఈ దానం ఒక కట్టడంతో ఆగిపోలేదు. 1886లో బొంబాయి పశువైద్య కళాశాల మొదలైంది ఆ ఆసుపత్రి ఆవరణలోనే. రోగులున్న చోటే విద్యార్థులు పాఠం నేర్చుకున్నారు. పశువైద్యంలో ఇంత ముందుచూపున్న దానం ఆ కాలంలో అరుదని నా నమ్మకం. ఆసుపత్రి ఒక ఊరికి పనికొస్తే, కళాశాల నుంచి వచ్చిన డాక్టరు పది ఊళ్లకు పనికొస్తాడు. 2024లో ముంబయిలోనే మహాలక్ష్మి ప్రాంతంలో టాటా ట్రస్టుల చిన్న జంతువుల ఆసుపత్రి తెరుచుకున్నప్పుడు పరేల్ గుర్తుకు రాక మానలేదు.

లండన్ కథ వేరే తీరున సాగింది. 1897లో అక్కడ మూగ నేస్తాల సంఘం ఒకటి ఏర్పడింది. తర్వాత బ్లూ క్రాస్‌గా పేరు మార్చుకున్నది ఈ సంఘమే. 1906లో అది విక్టోరియా ప్రాంతంలో జంతువుల ఆసుపత్రి తెరిచింది. అయినా నగరం తూర్పు కొసన, వైట్‌చాపెల్ లాంటి పేదల పేటల్లో, జబ్బుపడిన జంతువుకు వైద్యం దొరకడం కష్టంగానే ఉండేది. మరియా డికిన్ అక్కడ ఇల్లిల్లూ తిరిగింది మనుషుల కోసమే. మతబోధకుడి కూతురు, సమాజసేవకురాలు. గడపగడపకూ వెళ్లినప్పుడు ఆమెకు గజ్జి పట్టిన కుక్కలు, విరిగిన కాలితో ఈడ్చుకుంటున్న పిల్లులు, పుళ్లు పడ్డ గాడిదలు కనబడ్డాయి. వాటి యజమానులు కఠినులు కారు. డాక్టరుకిచ్చే డబ్బులు వాళ్ల దగ్గర లేవు, అంతే. గాడిద మంచాన పడితే ఆ ఇంటికి ఆ పూట కూలి ఉండేది కాదు.

1917 నవంబరు 17న, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, వైట్‌చాపెల్‌లో ఒక నేలమాళిగలో డికిన్ చికిత్సాలయం తెరిచింది. జబ్బు జంతువులను తీసుకురండి, ఏ జంతువుకైనా చికిత్స చేస్తాం, అంతా ఉచితం అని బయట బోర్డు పెట్టింది. పేదల రోగ జంతువుల ప్రజా వైద్యశాల అనేది ఆమె పెట్టిన పేరు. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఈనాటికీ దాన్ని పీడీఎస్ఏ అంటారు. చికిత్సాలయానికి రాలేని వాళ్ల కోసం 1921లో గుర్రం లాగే బండినే చికిత్సాలయంగా మార్చి ఊళ్లు తిప్పింది. మన దగ్గర 1962 నంబరుకు ఫోన్ చేస్తే ఊరికి వచ్చే సంచార పశువైద్య వాహనాల వెనకున్న ఆలోచనే, నూరేళ్ల కింద గుర్రాలతో నడిచింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. దాతృత్వ కథలు రాసేవాళ్లు సాధారణంగా దీన్ని దాటేస్తారు. డికిన్ చికిత్సాలయాల్లో పనిచేసిన వాళ్లలో చాలామంది పట్టా ఉన్న పశువైద్యులు కారు, అక్కడే నేర్చుకున్నవాళ్లు. వృత్తిలో ఉన్న డాక్టర్లు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. చదువు లేని చేతుల్లో జంతువుకు మేలు కన్నా కీడే ఎక్కువన్నది వాళ్ల మాట. అసలు మీరు ఈ వాడల్లో కాలు పెట్టారా అన్నది అవతలి వైపు మాట. రెండింటిలోనూ నిజముంది. చివరికి 1948 నాటి బ్రిటిష్ పశువైద్యుల చట్టం, రిజిస్ట్రేషన్ లేనివాళ్లు పశువైద్యం చేయకూడదని తేల్చింది. ఉచిత చికిత్స చేసే సంస్థల్లో అప్పటికే పనిచేస్తున్నవాళ్లకు మాత్రం కొన్ని వెసులుబాట్లు ఇచ్చింది. అక్కడినుంచి పేదవాడి పిల్లి కూడా పట్టా ఉన్న డాక్టరు చేతిలోకే వెళ్లాలన్న నియమం నిలబడింది. ఉచితమైనా వైద్యం నాసిగా ఉండకూడదన్న ఈ పట్టుదల, తగువుగా మొదలైనా, పశువైద్య దాతృత్వానికి దొరికిన గొప్ప మేలు అని నేననుకుంటాను.

యుద్ధం ఈ సంస్థలను పెద్ద పరీక్షకే గురిచేసింది. 1939 సెప్టెంబరులో యుద్ధం ప్రకటించిన తొలి రోజుల్లోనే బ్రిటన్‌లో లక్షల పెంపుడు జంతువులను యజమానులే చంపించేశారు. బాంబులు పడతాయన్న భయం, తిండి దొరకదన్న భయం కలిసి ఆ పని చేయించాయి. వద్దు, తొందరపడకండి అని జంతు సంస్థలు చెప్పినా వినేవాళ్లు తక్కువ. తర్వాత నిజంగానే బాంబులు పడ్డాయి. పీడీఎస్ఏ దళాలు శిథిలాల్లో వెతికి జంతువులను బయటికి తీశాయి. ఆ సంస్థ లెక్క ప్రకారం అలా కాపాడి చికిత్స చేసినవి రెండున్నర లక్షలకు పైనే. ఒక పూట భయంతో చంపుకున్న మనుషులే మరో పూట శిథిలాల పక్కన నిలబడి తమ కుక్క కోసం ఏడ్చారు. ఆపద వచ్చినప్పుడు జంతువును ఏం చేయాలో ముందే అనుకోకపోతే ఏమవుతుందో ఆ కాలం చూపించింది. ఈ పాఠం అరవై ఆరేళ్ల తర్వాత మరో దేశం మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది.

ఆ దేశం అమెరికా. కంపెనీ అనే పాత్ర ఈ కథలోకి పూర్తిగా వచ్చింది కూడా అక్కడే. 1955లో ఆరిగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో వారెన్ వెగర్ట్ అనే పశువైద్యుడు ఒక ఆసుపత్రి పెట్టాడు. పక్కనున్న బాన్‌ఫీల్డ్ రహదారి పేరే దానికి వచ్చింది. 1990లలో అది పెట్‌స్మార్ట్ దుకాణాల్లోకి చేరింది. కుక్క తిండి కొనడానికి వచ్చినవాళ్లు అదే కప్పు కింద టీకా వేయించుకుని వెళ్లేలా అయింది. 2007లో పెడిగ్రీ, రాయల్ కెనిన్ తిండ్లు అమ్మే మార్స్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. 2017లో వీసీఏ అనే మరో పెద్ద ఆసుపత్రుల గొలుసునూ కొంది. ఒకప్పుడు ఒక డాక్టరు, ఒక వీధి ఉన్నచోట ఇప్పుడు వెయ్యికి పైగా ఆసుపత్రులున్న యంత్రాంగం నిలబడింది.

ఈ యంత్రాంగం సమాజానికి ఏం ఇవ్వగలదో ఆలోచింపజేసింది కత్రినా తుపాను. 2005 ఆగస్టు 29న తుపాను తీరాన్ని తాకింది, న్యూ ఆర్లియన్స్ నీట మునిగింది. చాలా రక్షణ పడవల్లోకీ బస్సుల్లోకీ జంతువులను ఎక్కనివ్వలేదు. కుక్కను వదిలి రాలేక ఇంట్లోనే ఉండిపోయిన మనుషులున్నారు. దాంతో 2006లో అమెరికా ఒక చట్టం చేసింది. కేంద్ర సహాయం కావాలంటే రాష్ట్రాల, స్థానిక ప్రభుత్వాల విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువుల మాట కూడా ఉండాలని అందులో రాశారు. ఆ తర్వాత విపత్తు సహాయం పశువైద్య దాతృత్వంలో పెద్ద భాగమైంది. 2015లో బాన్‌ఫీల్డ్ తన ఫౌండేషన్ పెట్టినప్పుడు, వైద్యం కొనలేని యజమానుల జంతువులకు చికిత్సకూ విపత్తు సహాయానికీ నిధులిచ్చింది. మరో మంచి పని కూడా చేసింది. భర్త హింస తట్టుకోలేక ఇల్లు వదలాలనుకున్న స్త్రీ, కుక్కను ఆ మనిషి చేతిలో వదిలి వెళ్లలేక ఆగిపోవడం అక్కడి ఆశ్రయ గృహాలకు తెలిసిన బాధే. జంతువులకు కూడా చోటిచ్చేలా ఆ గృహాలకు ఫౌండేషన్ సాయం చేసింది. డికిన్ చూసింది ఇదే కదా: జంతువు బాగుంటే మనిషి బతుకు నిలబడుతుంది.

తిండి అమ్మే కంపెనీ, వైద్యం అమ్మే కంపెనీ, దానం చేసే సంస్థ ఒకే గొడుగు కింద ఉన్నప్పుడు ప్రశ్నలు రావాలి. ఉచిత పరీక్ష రేపటి కస్టమరును తెచ్చిపెట్టవచ్చు. అంతమాత్రాన ఆ పరీక్ష చేయించుకున్న పిల్లికి మేలు జరగలేదనలేం. అందుకే దానాన్ని ఉద్దేశంతో కాక, చేసిన పనితో కొలవాలన్నది నా తీర్పు. ఆ కొలతకు రేబిస్ కన్నా మంచి తక్కెడ లేదు.

మన తెలుగు ఊళ్లలో పెద్దవాళ్లను అడిగితే, పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అని వెంటనే చెబుతారు. అది 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన టీకా. గొర్రె మెదడు నుంచి తయారయ్యేది. కొందరికి దానివల్లే పక్షవాతం లాంటి ఇబ్బందులు వచ్చేవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దన్నా, 2000 దశకం తొలి సంవత్సరాల వరకు మన దేశంలో వాడారు. ఆ సూదుల భయం ఒక తరానికి గుర్తుండిపోయింది. అసలు ఆ అవసరమే రాకుండా చేయాలంటే మనిషికి కాదు, కుక్కకు టీకా వేయాలి. మనుషులకు సోకే రేబిస్‌లో నూటికి తొంభై తొమ్మిది కేసులు కుక్క నుంచే. ఒక ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే వ్యాధి గొలుసు తెగిపోతుంది. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో చనిపోతారని ఒక అంచనా. వాళ్లలో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. చనిపోయేవాళ్లలో పిల్లలు చాలామంది.

కుక్కకు టీకా వేసే పనికి టీకా కంపెనీలు తమ దగ్గరున్నదే ఇస్తూ వచ్చాయి. 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో కుక్కల డిస్టెంపర్ వ్యాధితో దాదాపు మూడో వంతు సింహాలు చనిపోయాయి. చుట్టుపక్కల ఊరి కుక్కలనుంచి అది వచ్చిందని పరిశోధకులు అనుమానించారు. ఊరి కుక్కలకు టీకాలు వేసే కార్యక్రమం అక్కడ పుట్టింది, ఇంటర్వెట్ కంపెనీ టీకాలు ఉచితంగా ఇచ్చింది. ఆ కంపెనీ తర్వాత ఎంఎస్‌డీ యానిమల్ హెల్త్‌లో భాగమైంది. 2013లో బ్రిటిష్ పశువైద్యుడు ల్యూక్ గ్యాంబుల్ ‘మిషన్ రేబిస్’ మన దేశంలో మొదలుపెట్టినప్పుడు కూడా టీకాలు ఎంఎస్‌డీ ఇచ్చింది.

గోవాలో ఆ పని దగ్గరనుంచి చూస్తే ఇలా ఉంటుంది. తెల్లవారుజామునే రెండు రకాల బృందాలు బయల్దేరతాయి. ఒకటి ఇంటింటికీ వెళ్లి, యజమాని పట్టుకుంటే కుక్కకు చర్మం కింద సూది వేస్తుంది. రెండోది వలలతో వీధి కుక్కలను పట్టుకుంటుంది. సూది పడ్డ కుక్క తల మీద రంగు చుక్క పెట్టి వదిలేస్తారు. మరుసటి రోజు అదే వీధిలో తిరిగి, రంగున్న కుక్కలెన్ని, లేనివెన్ని అని లెక్కపెడతారు. లేనివి ఎక్కువుంటే మళ్లీ వస్తారు. ప్రతి సూదీ ఎక్కడ వేశారో ఫోన్‌లో నమోదవుతుంది. ఏటా దాదాపు లక్ష కుక్కలు. రాష్ట్ర ప్రభుత్వం కూడా చేయి కలిపింది. 2021లో గోవాను రేబిస్ అదుపులోకి వచ్చిన రాష్ట్రంగా ప్రకటించారు. నాకు ఈ కథలో నచ్చింది ఆ రెండో రోజు లెక్క. ఫొటో తీయించుకునే దానానికి రెండో రోజు ఉండదు.

హైదరాబాదుకు ఈ కథతో నేరు చుట్టరికం ఉంది. 1980ల తొలి ఏళ్లలో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ గచ్చిబౌలిలో ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌ను పెట్టింది ముఖ్యంగా గాలికుంటు టీకా కోసం. పాడి రైతు పశువు పాలివ్వాలంటే గాలికుంటు ఆగాలి. ఆ కంపెనీయే తర్వాత కుక్కల రేబిస్ టీకా రక్షారాబ్, మనుషులకు అభయ్‌రాబ్ తయారుచేసింది. పద్నాలుగు సూదుల స్థానంలో చేతికి వేసే కొద్ది సూదులు దేశీ ధరకు దొరకడంలో దాని పాత్ర చిన్నది కాదు. 1885 జూలై 6న లూయి పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే పిల్లవాడికి తొలి రేబిస్ టీకా వేశాడు. ఆ తేదీకి జరిపే జూనోసిస్ దినాన ఈ కంపెనీ ఉచిత టీకా శిబిరాలు పెడుతూ వస్తోంది. కంపెనీలే కాదు, 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్, 1996 నుంచి విశాఖ జంతుహింస నివారణ సంఘం గాయపడ్డ జంతువుల పక్కన నిలబడ్డాయి.

2014 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కంపెనీల చట్టం నిబంధన ఈ దానాన్ని కొంతవరకు బాధ్యతగా మార్చింది. నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. ఆ పనుల జాబితాలో జంతు సంక్షేమం పేరు చట్టంలోనే ఉంది. మన హైదరాబాదు చుట్టూ మందుల కంపెనీలు, టీకా కంపెనీలు ఎన్నో ఉన్నాయి. వాళ్లకు నా విన్నపం ఒక్కటే. శిబిరాల సంఖ్య పెంచకండి. ఒక్క మండలం ఎంచుకోండి. అందులోని కుక్కల్లో నూటికి డెబ్బైకి టీకా వేయించండి, మరుసటి రోజు వీధిలో తిరిగి లెక్కపెట్టించండి, మరుసటి ఏడాది మళ్లీ రండి. అలా అయిదేళ్లు చేసి, ఆ మండలంలో రేబిస్‌తో ఎంతమంది చనిపోయారో వార్షిక నివేదికలో అచ్చు వేయండి.