నాయనమ్మల పిడికెడు బియ్యం

1854 జనవరి 1న తెల్లవారుజామునే ఒంగోలు కొండెక్కి ప్రార్థించిన అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్లే. మిషనరీ జ్యువెట్ దొర భార్యతో పాటు జూలియా, రూతు. ఆ కొండ ప్రార్థన కొండ అయింది.

తర్వాత ధాత నామ సంవత్సరంలో పెద్ద కరువు వచ్చింది. మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి జనానికి కూలి ఇప్పించాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

చరిత్ర పుస్తకాలు దొరల దగ్గరే ఆగిపోతాయి. అదే వాటి లోటు. ఆ క్రైస్తవ విశ్వాసాన్ని ఇళ్లలో నిలబెట్టింది నాయనమ్మలు, అమ్మమ్మలు. అక్షరం రాకపోయినా క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి కీర్తనలు నోటికి పాడేవారు. ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి విడిగా దాచేవారు. ఇంట్లో గింజలు తక్కువైనా ఆ పిడికెడు ఆదివారం గుడికి చేరాల్సిందే!

మీ నాయనమ్మ పాడే కీర్తనలను ఈ ఆదివారమే ఫోన్లో రికార్డు చేసుకోండి.