వాడుకభాష వాదం: బడిలో మిగిలిన పని

వాడుకభాషా ఉద్యమాన్ని మన సాహిత్య చరిత్రలు వచన రచయితల విజయగాథగా చెబుతాయి. గ్రాంథికం ఓడింది, వ్యావహారికం గెలిచింది, కథా నవలా పత్రికా బాగుపడ్డాయి. అక్కడితో అధ్యాయం ముగుస్తుంది. కాని ఆ వాదం ముదిరింది రచయితల గోష్ఠుల్లో కాదు, బడిలో. అక్కడ ఎవరు గెలిచారో మన చరిత్రకారులు అడగలేదు.

గిడుగు రామమూర్తి పంతులు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు. సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పే బళ్లు పెట్టారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. మన విమర్శకులు దీన్ని ఆయన బహుభాషా పాండిత్యానికి ఉదాహరణగా ఒక్క వాక్యంలో దాటేస్తారు. నా దృష్టిలో ఇది క్రమాన్ని తలకిందులు చెయ్యడమే. సవర ముందు, తెలుగు తరవాత. సవర పిల్లవాడి ముందు తెలుగు పుస్తకం పెడితే ఏమవుతుందో చూసిన మనిషికి, తెలుగు పిల్లవాడి ముందు గ్రాంథికం పెడితే ఏమవుతుందో ఇంకొకరు చెప్పనక్కరలేదు.

1907లో ఉత్తరాది జిల్లాల స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్సు దొర పాఠాల భాషను ప్రశ్నించాడు. గిడుగు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను అందుకున్నారు. పోరు తెగేదాకా వెళ్లింది స్కూలు ఫైనలు వ్యాసరచన దగ్గర. పద్నాలుగు పదిహేనేళ్లవాడు తన ఆలోచనను ఏ భాషలో రాయాలి? ఆధునిక భాషలోనూ రాయవచ్చునన్న వెసులుబాటు ఇలా వచ్చి అలా పోయింది. జయంతి రామయ్య పంతులు ముందుండి నడిపిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, దాని వెనక జమీందారీ పలుకుబడి, ఆ తలుపు మూయించాయి. 1914లో గురజాడ రాసిన అసమ్మతి పత్రం ఈ తగాదాలోదే. ‘కన్యాశుల్కం’ రాసిన చెయ్యి, పోయేముందు ఏడాది, బడిపిల్లల పరీక్ష కోసం అంత శ్రమపడింది.

తరవాత గెలిచిన భాష మాత్రం ‘శిష్ట వ్యావహారికం’. చదువుకున్నవాళ్ల వాడుకే ప్రమాణమన్నది పండితుల కోటను బద్దలు కొట్టడానికి ఆనాటికి అవసరమైన ఎత్తుగడ కావచ్చు. కాని శిష్టులెవరు? ఆచరణలో కోస్తా జిల్లాల పైకులాల విద్యావంతులు. దక్షిణ రాయలసీమ పిల్లలకు అదొక కొత్త గ్రాంథికం అయి కూర్చుంది.

తిరుచానూరు చుట్టుపక్కల తొమ్మిదో తరగతి పిల్లలు ‘వస్తున్నాడు’ అనరు, ‘వస్తా ఉండాడు’ అంటారు. వాళ్లు తినేది మరమరాలు కాదు, బొరుగులు. అదే బల్ల మీద ఇంట్లో తమిళం మాట్లాడే పిల్ల కూర్చుంటుంది, ఉర్దూ మాట్లాడే పిల్లవాడు కూర్చుంటాడు. ఎరుకల ఇంటి మాట తమిళానికి దగ్గర. సుగాలీల లంబాడీ అసలు ద్రావిడ భాషే కాదు. వీళ్లందరి చేతా ఒకే ‘మాతృభాష’ పరీక్ష రాయిస్తున్నాం.

దారి చూపినవాళ్లు లేకపోలేదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం తెచ్చారు. 1971లో చేనేత సంపుటం వచ్చింది. రైతూ నేతగాడూ పదాలకు ప్రమాణమన్న మాట మొదటిసారి అంత పద్ధతిగా రుజువైంది. మన జిల్లాలోనే కె. సభా జానపద గేయాలు సేకరించాడు. దామలచెరువు బడిపంతులు మధురాంతకం రాజారాం ఈ పల్లెల బతుకును కథ చేశాడు. నామిని సుబ్రమణ్యం నాయుడు ‘పచ్చ నాకు సాక్షిగా’లో కథనమంతా ఇంటి మాటతోనే నడిపాడు. ఆ మాటను మనం సభల్లో మెచ్చుకుంటాం. అదే ‘ఉండాది’ జవాబు పత్రంలో కనిపిస్తే ఎర్రగీత పడుతుంది. రచయిత రాస్తే శైలి, కూలివాడి కొడుకు రాస్తే తప్పు.

ప్రమాణ భాష నేర్పవద్దని కాదు. అది లేకుండా పేదపిల్లలకు ఉద్యోగమూ లేదు, అర్జీ రాసుకోవడమూ లేదు. ఇంటి మాట కాపాడుకోమని చెప్పి ఆ భాషను వాళ్లకు అందకుండా చెయ్యడం ఇంకొక మోసం. గిడుగు వారు సవరను గోడగా కట్టలేదు, వంతెనగా వేశారు. సేద్యం పాఠం చెప్పేటప్పుడు ఇంటి నుంచి పది పనిముట్ల పేర్లు తెమ్మంటే తమిళం, ఉర్దూ, ఎరుకల మాటలన్నీ నల్లబల్ల ఎక్కుతాయి. వాటి పక్కన పుస్తకం మాట రాసి, రెండిటికీ తేడా ఎక్కడుందో పిల్లల చేతే చెప్పించవచ్చు. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు. ఎర్రసిరాను కాస్త ఆపుకుంటే చాలు.

2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ఉత్తర్వు వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు, అభ్యుదయ రచయితలు రెండు పక్షాలుగా చీలారు. ఇంగ్లీషు కావాలన్న దళిత మేధావుల కోపంలో న్యాయముంది. తెలుగు కావాలన్నవాళ్లు ఎవరి తెలుగో చెప్పలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపితోనే, బోధన మొదలైంది. గిడుగు వారి సవర అందులో ఉంది. కాని ఆ ఏర్పాటు చిన్న తరగతులకే. హైస్కూలు మెట్టెక్కిన పిల్లకు అందులో చోటు లేదు. ఎరుకల పిల్ల మాట ఆ ఎనిమిదింటిలోనే లేదు.