ఆంట్రిమ్ లోయలలో ‘ఫెష్’: ఒక పోటీ యుత్సవపు చరిత్ర

ఐరిష్ భాషలో ‘ఫెష్’ అను పదమునకు నేడు సంగీత నృత్య భాషా నాటకములలో పోటీలు జరుగు ప్రాంతీయోత్సవమని యర్థము. ఈ యర్థము మిక్కిలి క్రొత్తది. ప్రాచీన ఐరిష్‌లో నిది ‘రాత్రి గడపుట, నిద్రించుట’ అను నర్థముగల ధాతువునుండి పుట్టిన నామము. ఒకచోట బసచేసి విందారగించుట యను భావమునుండి ‘విందు’ అనియు, పిమ్మట ‘ఉత్సవము’ అనియు నర్థము విస్తరించినది. ఆ ధాతువు సంస్కృతమునందలి ‘వస్’ ధాతువునకు సజాతీయమని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మనము దినదినమును వాడుకొను ‘వసతి’, ‘నివాసము’ అను మాటలకును, అట్లాంటిక్ తీరమునందలి యీ యుత్సవనామమునకును మూలమొక్కటే యగుట భాషాధ్యయనపరులకు వినోదము గూర్చు విషయము. పూర్వము తారా కొండపై రాజులు జరిపిన ఫెష్ ప్రసిద్ధమైనది. క్రీ. శ. 560 ప్రాంతమున డియర్మడ్ రాజు జరిపినదే కడపటిదని ప్రాచీన సంవత్సర వృత్తాంతములు తెలుపుచున్నవి.

పందొమ్మిదవ శతాబ్దాంతమున భాషోద్ధారకులు ఈ పాతపేరును పైకి దీసి క్రొత్త యుత్సవమునకు పెట్టిరి. అందుచే నిది తారానాటి సంప్రదాయమునకు కొనసాగింపని కొందరు వ్రాసినారు. ఈ వాదము మాకు సమ్మతము కాదు. పేరు మాత్రమే ప్రాచీనము. న్యాయనిర్ణేతలు, మార్కులు, పతకములు, వయస్సును బట్టి తరగతులు అను చట్రమంతయు ఆధునికము. వేల్స్ దేశమున 1861లో ఆబర్‌డేర్‌నందు జాతీయస్థాయి నొందిన ‘ఐస్టెడ్‌ఫాడ్’ను, స్కాట్లండున 1892లో ఓబన్‌నందు మొదలైన ‘మోద్’ను చూచి ఐరిష్ వారు దీనిని రూపొందించుకొనిరి. 1897లో డబ్లిన్ నగరమున సంగీతమునకై ‘ఫెష్ క్యోల్’, భాషాసాహిత్యములకై ‘ఇరాఖ్టస్’ ఆరంభమైనవి. ప్రాంతీయములైన ఫెష్‌లు వాని వెనువెంట వెలసినవి.

పోటీ యనునది సంప్రదాయమును కాపాడునా, మార్చునా యను ప్రశ్న అంతకు నూరేండ్లకు పూర్వమే తలయెత్తినది. 1792 జూలైలో బెల్‌ఫాస్ట్ నగరమున హార్ప్ వాద్యకారుల సమ్మేళనమొకటి జరిగెను. పదిమంది ఐరిష్ వాద్యకారులు వచ్చిరి. వారిలో నధికులు అంధులు. తొంబది యేండ్లు దాటిన డెనిస్ హెంప్సన్ యొక్కడే ప్రాచీనపద్ధతిని వ్రేలిగోళ్లతో లోహపుతీగలను మీటువాడు. పందొమ్మిదేండ్ల ఎడ్వర్డ్ బంటింగ్ వారి బాణీలను లిపిబద్ధము చేయుటకు నియుక్తుడై, ఆ పనిని జీవితకృత్యముగ చేసికొని 1796, 1809, 1840లలో మూడు సంపుటములు ప్రకటించెను. ఆ సమ్మేళనమున ప్రథమ బహుమానము హెంప్సన్‌కు రాలేదు, చార్లెస్ ఫానింగ్‌కు వచ్చెను. ఫానింగ్ అందరిలో నుత్తముడు కాడనియు, నాడు పియానో నేర్చుకొను యువజనులు మెచ్చు నొక బాణీని ఆధునికములైన మార్పులతో వాయించి గెలిచెననియు బంటింగే వ్రాసియున్నాడు. ఈ చిన్న సంగతిని చదువరులు గుర్తుంచుకొందురుగాక. తరువాతి ఫెష్‌ల చరిత్రలో నిదియే పలుమారులు పునరావృత్తమైనది.

ఇక భాష స్థితి. 1851 జనాభా లెక్కలలో ఐరిష్ భాష నెరిగినవారు 15,24,286 మంది. 1901 నాటికి 6,41,142 మంది. 1840లనాటి మహాక్షామము, వలసలు, ఆంగ్లవిద్య, పిల్లలకు ఆంగ్లమే యన్నము పెట్టునని తల్లిదండ్రులు నమ్ముట యివి యన్నియు నిందుకు కారణములు. 1893లో డగ్లస్ హైడ్, ఓయిన్ మక్‌నీల్ మున్నగువారు గేలిక్ లీగును స్థాపించిరి. మతరాజకీయములతో ప్రమేయము లేక భాష నుద్ధరించుట దాని ప్రతిజ్ఞ. ఫెష్ ఆ లీగు చేతి పనిముట్టు. బడిలో వ్యాకరణము చెప్పినంతమాత్రమున భాష నాలుకపై నిలువదు. పదిమంది యెదుట పాడుటకును, కథ చెప్పుటకును, గౌరవము పొందుటకును వేదిక కావలెను. పల్లెలో పాతబడినదని సిగ్గుపడుచుండిన భాషకు బహుమతి నిచ్చుట యన్నది చిన్న యుపాయము కాదు.

ఈ ప్రాంతీయోత్సవములలో మేము విశేషముగ పరిశీలింపదలచినది ఆంట్రిమ్ మండలమునందలి ‘ఫెష్ న ఙ్లాన్’, అనగా ‘లోయల ఉత్సవము’. (‘గ్లాన్’ అనగా లోయ. షష్ఠీ బహువచనమున నాసిక్యము చేరి పదాది గకారము ఙకారమగును. మన వర్ణమాలలో నుండియు పదాదిని కనబడని యీ యక్షరము ఐరిష్‌లో నిట్లు పనికి వచ్చుచున్నది.) ఐర్లండు ఈశాన్యకోణమున తొమ్మిది లోయలు సముద్రమునకు దిగుచుండును. వెనుక బీడుకొండలు, ముందు సముద్రము. 1830లలో విలియం బాల్డ్ అను నింజనీరు తీరపుబాట నిర్మించువరకు ఇచ్చటివారికి బెల్‌ఫాస్ట్ కంటె కనుచూపుమేరనున్న స్కాట్లండే సులభముగ చేరదగిన దేశము. అందువలన నీ లోయల ఐరిష్ మాండలికము స్కాట్ గేలిక్‌కు సన్నిహితమై తక్కిన యల్‌స్టర్ మాండలికములకు భిన్నముగ నుండెను. 1900 నాటికి అది ముసలివారి నోళ్లయందును, రాత్లిన్ దీవియందును మాత్రమే మిగిలినది.

1904 ఫిబ్రవరిలో కుషెండాల్ గ్రామమున సభచేరి ఉత్సవము జరుప నిశ్చయించిరి. జూన్ 30న గ్లెనారిఫ్ లోయలో తొలి ఫెష్ జరిగెను. భాష, పాట, వాద్యము, నృత్యములతోపాటు నూలువడకుట, నేత, కొయ్యచెక్కడము వంటి చేతిపనులకును, హర్లింగ్ ఆటకును పోటీలు పెట్టిరి. పండితులు సాధారణముగ ఈ చేతిపనుల భాగమును ఒక వాక్యముతో దాటించుచుందురు. మా దృష్టిలో నదియే ఈ ఫెష్‌కు జీవము. వలసపోవుచున్న పల్లెలో జీవనోపాధి నిలువనిది భాష నిలువదని నిర్వాహకులు గ్రహించిరి. భాష తెలియని రైతును సయితము తన మగ్గపుగుడ్డతో ఉత్సవమునకు రప్పించినది ఆ భాగమే. రాత్లిన్ దీవి జనులను రప్పించుటకు సర్ రోజర్ కేస్‌మెంట్ (నాటికి ‘సర్’ కాడు, ఆ బిరుదము 1911లో వచ్చినది) ఒక పడవను కుదిర్చెను. అప్పటికి కొలది నెలల క్రిందటనే, బ్రిటిష్ కాన్సలుగా కాంగోదేశమునందలి క్రౌర్యములను గూర్చి యతడు వ్రాసిన నివేదిక ప్రకటితమైయుండెను. ఆఫ్రికాలో భూమిని, స్వేచ్ఛను కోల్పోయిన జనమును చూచివచ్చినవాడు స్వస్థలమున భాషను కోల్పోవుచున్న జనమును వేరుకంటితో చూచుట సహజము.

ఉత్సవ నిర్వాహకుల నామావళి మిక్కిలి విచిత్రము. బెల్‌ఫాస్ట్ న్యాయవాది, పురాతత్త్వాభిమాని ఫ్రాన్సిస్ జోసెఫ్ బిగ్గర్ ఒకడు. కాని నిత్యకృత్యము మోసినవారు స్త్రీలు. మార్గరెట్ డాబ్స్, రోజ్ యంగ్, ఏడా మక్‌నీల్ మువ్వురును ప్రొటెస్టంట్ భూస్వాముల యిండ్లయందు పుట్టినవారు. వారి బంధువర్గము బ్రిటన్‌తో ఐక్యమును కోరు యూనియనిస్టులు. ఏడా మక్‌నీల్ బంధువు రొనాల్డ్ మక్‌నీల్ యూనియనిస్టు నాయకులలో ప్రసిద్ధుడు. డాబ్స్ ప్రాచీన ఐరిష్ గ్రంథములపై విద్వత్పత్రికలలో వ్యాసములు వ్రాసెను. రోజ్ యంగ్ ‘రోష్ నీ ఓగాన్’ అను పేర 1921 మొదలు 1930 వరకు మూడు సంపుటములుగ ఐరిష్ పద్యసంకలనమును ప్రకటించెను. భాష ఒక మతమువారిదనియు నొక పక్షమువారిదనియు నేడు బెల్‌ఫాస్ట్‌లో వినబడు మాటకు ఈ మువ్వురి జీవితములే ప్రత్యుత్తరము.

ఆ స్థితి చిరకాలము నిలువలేదు. తొలి ఫెష్‌నందే కేస్‌మెంట్‌కు బల్మర్ హాబ్సన్ అను తీవ్రజాతీయవాది పరిచితుడయ్యెను. 1915లో గేలిక్ లీగు తన లక్ష్యములలో స్వతంత్ర ఐర్లండును చేర్చగా హైడ్ అధ్యక్షపదవిని విడిచెను. 1916 ఆగస్టు 3న కేస్‌మెంట్ లండనునందు ఉరితీయబడెను. ఆంట్రిమ్‌నందలి ముర్లో తీరమున తన్ను పూడ్చవలెనని యతడు కోరినను, 1965లో నస్థికలు డబ్లిన్‌లోని గ్లాస్‌నెవిన్ శ్మశానమునకే చేరినవి. ఏలయన 1921 విభజనతో తొమ్మిది లోయలు ఉత్తర ఐర్లండునందుండిపోయినవి.

నాటక విషయము కొంత భిన్నము. ప్రాచీన ఐరిష్ సాహిత్యమున కథలు, కావ్యములు కలవుగాని నాటకము లేదు. 1901 అక్టోబరులో డబ్లిన్ గెయిటీ రంగశాలలో హైడ్ రచించిన యేకాంకికయే వృత్తినాటకశాలలో ప్రదర్శితమైన తొలి ఐరిష్ భాషానాటకము. బెల్‌ఫాస్ట్‌నందు హాబ్సన్ ప్రభృతులు 1902లో తొలుత ప్రదర్శించినవి యేట్స్ నాటకమొకటి, జేమ్స్ కజిన్స్ నాటకమొకటి. ఇవి ఆంగ్లమున వ్రాయబడినవి. ఈ కజిన్స్ మన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ప్రధానాచార్యుడైనవాడే. 1919లో రవీంద్రు డచ్చటికి వచ్చినపుడు ‘జనగణమన’ బాణీని స్వరపరచిన మార్గరెట్ కజిన్స్ ఆయన భార్య, డబ్లిన్‌లో సంగీతము నభ్యసించిన ఐరిష్ విదుషి.

పోటీవలన గల చిక్కునకు మరల వత్తము. 1904 మే నెలలో డబ్లిన్ ఫెష్ క్యోల్‌నందు జేమ్స్ జాయిస్ గాత్రపోటీలో పాడెను. రెండుపాటలు బాగుగ పాడినవాడు, ముందు చూడని స్వరలిపినిచ్చి పాడుమనగా కోపముతో వేదిక దిగిపోయెను. ఆయనకు కంచుపతకమే దక్కెను. చెవితో నేర్చిన పాటకు కాగితముతో పరీక్ష పెట్టుట పల్లెగాయకుని విషయమున మరింత యన్యాయము. నృత్యమునందు మార్పు ఇంకను స్పష్టము. 1930 ప్రాంతమున గేలిక్ లీగు నృత్యసంఘమును నెలకొల్పి, బోధకులకును నిర్ణేతలకును నియమముల నేర్పరచినది. చేతులు బిగించి ప్రక్కల నిలుపుట వంటి యొక్క శైలియే ప్రమాణమై, ప్రాంతీయరీతులు పోటీలో ఓడి పల్లెలలోను మరుగుపడినవి. 1970లో డబ్లిన్‌నందు ప్రపంచపోటీలు మొదలైనవి. అమెరికా, ఆస్ట్రేలియాలయందు ‘ఫెష్’ అన్నచో నేడు నృత్యపోటీ యనియే తెలియబడును. నృత్యము లోకమంతట వ్యాపించినది నిజమే. దానికి చెల్లించిన మూల్యమును లెక్కింపక జయము నొక్కదానినే చెప్పుట చరిత్రకారునికి తగదు.

లోయల మాండలికమునకు ఫెష్ ఆయుర్దాయము పెంచజాలకపోయినను, అది నామరూపములు లేక పోకుండ నాపినది. పాటలును కథలును బహుమతికి తగినవని ముసలివారు తెలిసికొనిరి. వానిని వినగోరువారును గలరని యెరిగిరి. 1931లో జర్మను పండితుడు డోగెన్ చేసిన ధ్వనిముద్రణములలో ఆంట్రిమ్ కంఠములు చేరినవి. స్వీడను భాషావేత్త నిల్స్ హోల్మర్ 1940లో లోయల ఐరిష్ శేషములను గూర్చియు, 1942లో రాత్లిన్ మాండలికమును గూర్చియు గ్రంథములు ప్రకటించెను. రాత్లిన్‌నందు ఆ మాండలికమును పుట్టుభాషగ నెరిగిన కడపటి వ్యక్తి 1985లో మరణించెను. ఫెష్ 2004లో శతవర్షోత్సవము జరుపుకొనినది. అందు భాషాపోటీలలో నిలుచు పిల్లల నోట వినబడునది బడిలో నేర్చిన ఐరిష్.