నడిపినవాళ్లూ, ఓనర్లూ

హైదరాబాదు రోడ్ల మీద 2019 నుంచి ఎమ్‌జీ అనే అక్షరాలున్న పెద్ద పెద్ద కార్లు తిరుగుతున్నాయి. మోరిస్ గ్యారేజెస్ అనే మాటకి అది పొట్టిరూపం. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డులో పుట్టిన ఆ పేరు ఇప్పుడు ఒక చైనా కంపెనీది. ఆ పేరున్న పాత స్పోర్ట్స్ కార్లని ప్రాణంలా చూసుకునే క్లబ్బులు మాత్రం ఇంగ్లండులో ఇంకా నడుస్తున్నాయి. నాకు కారు నడపడం రాదు, ఇంజను చప్పుడంటే మోజూ లేదు. ఆ క్లబ్బుల చరిత్ర నన్ను లాక్కున్నది వేరే కారణంగా. ఎవరూ పొమ్మనకుండానే ఆడవాళ్లు ఒక చరిత్రలోంచి పక్కకి ఎలా జరిగిపోతారో అందులో బాగా కనిపిస్తుంది.

పొమ్మనడం అంతకుముందు తరం చేసిన పని. బ్రిటన్‌లోని పెద్ద ఆటోమొబైల్ క్లబ్బు ఆడవాళ్లని చేర్చుకోలేదు కాబట్టే 1903లో లేడీస్ ఆటోమొబైల్ క్లబ్బు పుట్టింది. అది దొరసానుల క్లబ్బు. కారు కొనగలిగింది అప్పుడు వాళ్లే మరి. 1929లో ఎమ్‌జీ వాళ్లు మిడ్జెట్ అనే బుల్లి కారుని 175 పౌండ్లకి అమ్మడం మొదలుపెట్టాక మధ్యతరగతి కుర్రకారుకి కూడా స్పోర్ట్స్ కారు అందుబాటులోకొచ్చింది. ఆ మరుసటేడే ఎమ్‌జీ కార్ క్లబ్బు ఏర్పడింది. తొలి కార్యదర్శి జాన్ థార్న్లీ అప్పటికి లెక్కల పని నేర్చుకుంటున్న యువకుడు, తర్వాత ఆ ఫ్యాక్టరీకే జనరల్ మేనేజరయ్యాడు. ఆ రోజుల్లో క్లబ్బు సభ్యులకి కారు దాచుకునే వస్తువు కాదు. బురద గుట్టలెక్కించాలి, పందేల్లో పరిగెత్తించాలి, విరిగితే బాగుచేసుకోవాలి.

నడపడమే గొప్పగా ఉన్న ఆ కాలంలో ఆడవాళ్లకి చోటు దొరికింది. 1935లో ఫ్రాన్సులోని ల మాన్‌లో ఇరవైనాలుగు గంటల పందేనికి జార్జ్ ఐస్టన్ నాయకత్వంలో మూడు ఎమ్‌జీ కార్లు వెళ్లాయి. ఆరుగురు డ్రైవర్లూ ఆడవాళ్లే. డోరీన్ ఇవాన్స్, మార్గరెట్ అలన్, కార్బురేటర్లు తయారుచేసే కుటుంబంలోంచి వచ్చిన బార్బరా స్కిన్నర్, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన జోన్ రిచ్‌మండ్ వాళ్లలో ఉన్నారు. మూడు కార్లూ పందెం పూర్తి చేశాయి. రాత్రంతా నడిపి గమ్యం చేర్చిన ఆ మనుషులకి దక్కిన పేరేమిటంటే ‘ఐస్టన్ గారి నాట్యమాడే కూతుళ్లు’. పొగుడుతూనే చిన్నపిల్లల్ని చేసేయడం అన్ని దేశాల పత్రికలకీ వచ్చిన విద్యే.

యుద్ధం తర్వాత కూడా ఈ దారి మూసుకుపోలేదు. ర్యాలీల్లో ఎమ్‌జీ కారు కూడా నడిపిన పాట్ మాస్, 1960లో ఏన్ విజ్‌డమ్ తోడుగా లియేజ్-రోమ్-లియేజ్ ర్యాలీని ఆస్టిన్-హీలీలో గెలిచింది. ఆడవాళ్ల విభాగంలో కాదు, మొత్తం పోటీలోనే మొదటి స్థానం.

మార్పు ఇంకో వైపు నుంచి వచ్చింది. 1960ల చివర్లో కంపెనీ చేతులు మారింది, కొత్త యాజమాన్యం క్లబ్బుకి ఇస్తున్న ఆసరా తీసేసింది. 1973లో ఎమ్‌జీ ఓనర్స్ క్లబ్బు అని మరొకటి పుట్టింది. పేరులోనే ఉంది చూడండి, ఓనర్స్. దీనికి పందేలకన్నా విడిభాగాలు, ఇన్సూరెన్సు, రిపేరు సలహాలు ముఖ్యం. సెకండ్ హ్యాండు ఎమ్‌జీబీ కొనుక్కున్న మామూలు ఉద్యోగికి అది నిజంగా మేలు చేసింది, దాన్ని తక్కువ చేయను. 1980లో ఏబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక కారుని బతికించుకోవడమే క్లబ్బుల పనయింది. ఏ మోడలుకి ఆ మోడలు రిజిస్టర్లు, చాసిస్ నంబర్లు, అసలు రంగు ఏదన్న వాదనలు. 1988కల్లా ఎమ్‌జీబీ బాడీలని పాత అచ్చుల మీద మళ్లీ కొత్తగా తయారుచేయడం కూడా మొదలైంది.

నా దృష్టిలో అసలు కథ ఇక్కడుంది. రిజిస్టరు కారుని గుర్తుపెట్టుకుంటుంది, కారు ఎవరి పేరున ఉందో గుర్తుపెట్టుకుంటుంది. ల మాన్‌లో ఆ ఆరుగురూ నడిపినవి వాళ్ల సొంత కార్లు కావు. నడపడం నుంచి కలిగి ఉండటానికి క్లబ్బు విలువ మారగానే, నడిపినవాళ్లు ఫొటో కింద రాసే పేర్లుగా మిగిలిపోయారు. మన ఇళ్లల్లో బండి కాయితాలు, పొలం కాయితాలు ఎవరి పేరున ఉంటాయో, చాకిరీ ఎవరిదో ఆలోచిస్తే ఇది మనకి కొత్త సంగతేం కాదు. క్లబ్బులో భార్యకి చోటు కుటుంబ సభ్యత్వం కింద వచ్చింది. ప్రదర్శన రోజున టీ, శాండ్‌విచ్‌ల బల్ల దగ్గర ఆమె చేసిన పనికి ఏ రిజిస్టరులోనూ నంబరు లేదు.

పోటీల్లో నడిపే ఆడవాళ్లు 1962లోనే తమకంటూ బ్రిటిష్ విమెన్ రేసింగ్ డ్రైవర్స్ క్లబ్బు పెట్టుకున్నారు. ఈ రెండు రకాల క్లబ్బుల చరిత్రల్నీ పక్కపక్కన పెట్టి చదవడం అవసరం.

ఇప్పుడు కార్ల క్లబ్బులు మళ్లీ మారుతున్నాయి. సభ్యులు పెద్దవాళ్లయిపోయారు. బ్రిటన్‌లో 2021లో పెట్రోలులో ఇథనాల్ పెంచినప్పుడు పాత ఇంజన్లకి ఏది పడుతుందో చెప్పడం కూడా క్లబ్బుల పనే అయింది. ఓనరు పోయాక గ్యారేజీలోని కారు భార్యకో కూతురికో వస్తుంది. అలా ఓనరయిన ఆమెకి స్టీరింగు ముందు కూర్చునే అలవాటు ఉందా, ఎప్పుడైనా కూర్చోనిచ్చారా అన్నది రిజిస్టరు చెప్పదు. జోన్ రిచ్‌మండ్ దాచుకున్న వస్తువులు మాత్రం కాన్‌బెర్రాలో, ఆస్ట్రేలియా జాతీయ మ్యూజియంలో, డ్రైవరుగా ఆమె పేరు మీదే ఉన్నాయి.