పళ్ళ గారకు ఎక్స్‌రే ఎందుకు?

పెడన అద్దకంలో గుడ్డకు ముందు పట్టించేది రంగు కాదు, కరక్కాయ. ఆ వగరు పీల్చుకున్న గుడ్డ మీదే బెల్లం నీళ్ళలో నానిన ఇనుము నల్లగానూ, పటిక అద్దిన చోట చిరివేరు ఎర్రగానూ తేలుతాయి. ఇనుమూ కరక్కాయా కలిస్తే నలుపు పుట్టే ఈ కిటుకునే దక్కను ముస్లిం ఇళ్ళలో ఆడవాళ్ళు పళ్ళ మీద వాడుకున్నారు. మిస్సీ అనే ఆ పొడితో పళ్ళసందులు నల్లబడితే అందమని లెక్క. అదే కరక్కాయను ఉప్పుతో కలిపి నూరి, పళ్ళు తెల్లగా ఉండాలనీ చిగుళ్ళు బిగియాలనీ రుద్దుకున్నవాళ్ళూ ఉన్నారు. కాయ ఒకటే, కోరిక మాత్రం ఎవరిది వాళ్ళది.

కృష్ణా కాలవ గట్ల మీద పూర్వం తెల్లారేది పందుంపుల్లతోనే. వేపో, కానుగో, ఉత్తరేణో విరిచి, చివర కుంచెలా నమిలి, నడుస్తూ కబుర్లాడుతూ తీరిగ్గా తోముకునేవారు. అయ్యాక అదే పుల్లను నిలువునా చీల్చి నాలిక గీసుకుని పారేసేవారు. పుల్ల లేకపోతే నాలికకు కొబ్బరి ఈనె, పళ్ళకు పిడక కచ్చిక, బొగ్గు, ఉప్పు. వరి మీద బతికే సీమ కాబట్టి ఊక బూడిదకు కొదవే లేదు. అందులో నూటికి తొంభై పాళ్ళ దాకా సిలికాయే, అంటే ఒక రకంగా మెత్తటి ఇసుక. గారను వదిలించేది అదే, ఏళ్ళ తరబడి బరబరా రుద్దితే పంటి పైపొరను అరగదీసేదీ అదే. ఆ తరవాత కోతి మార్కా నల్ల పళ్ళపొడి వచ్చింది, దాని వెనక తెల్ల పొడులూ పేస్టులూ వచ్చాయి.

నొప్పి వస్తే లవంగం. 1605లో డచ్చివాళ్ళు బందరు రేవులో దిగింది గుడ్డ కోసం. ఆ గుడ్డను తూర్పు దీవులకు పట్టుకెళ్ళి మార్చుకుని, అక్కడి లవంగం, జాజికాయ తెచ్చి ఇక్కడ అమ్ముకునేవారు. ఆ లవంగ నూనెలోని యూజెనాల్‌నే దంతవైద్యులు ఇవాళ్టికీ జింక్ ఆక్సైడ్ పొడితో కలిపి పుచ్చిన పంటికి తాత్కాలికంగా పూడుస్తున్నారు. గుడివాడలో మరో దారి కూడా ఉంది. 1945లో మొదలై, ఇప్పుడు డాక్టర్ గురురాజు పేరుతో నడుస్తున్న హోమియో కళాశాల ఊళ్ళోనే ఉండడంతో, పంటి పోటుకు ప్లాంటాగో మాత్రలు వేసుకోవడం అక్కడివాళ్ళకు వింత కాదు.

అయితే ఇవన్నీ పైపై పనులు. పన్ను లోపల ఏముందో చూడాలన్న ఆశ మనిషికి ఎప్పటినుంచో ఉంది. ఆ ఆశ మీద వ్యాపారం చేసినవాడు పంటి పురుగులు తీసేవాడు. పండిన వాకుడుకాయల గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగ గొట్టంతో నోట్లోకి పట్టించి, కింద నీళ్ళ గిన్నె పెట్టేవాడు. కాసేపటికి నీళ్ళలో తెల్లటి నలుసులు తేలేవి. ‘ఇవిగో పురుగులు’ అని చూపించి డబ్బు తీసుకునేవాడు. ఇది తెలుగునేల ఒక్కదాని ముచ్చట కాదు. ఐరోపాలో వాకుడు కుటుంబానికే చెందిన హెన్‌బేన్ అనే మొక్క గింజలతో ఇదే తంతు నడిచింది. వేడికి గింజ చిట్లి లోపలి మొలక బయటపడితే అది అచ్చం పురుగులాగే ఉంటుంది. పళ్ళు పీకే దేశదిమ్మరులు వీణ తీగల ముక్కలు నీళ్ళలో వేసి పురుగులని నమ్మిస్తున్నారని జాన్ జెరార్డ్ 1597 నాటి తన మూలికా గ్రంథంలోనే బయటపెట్టాడు. రోగికి కావలసింది కంటికి కనిపించే రుజువు. ఆ రుజువు ఇచ్చినవాడికి రూపాయి ముట్టేది, నొప్పి మాత్రం మర్నాటికి మళ్ళీ హాజరు.

నిజంగా లోపల చూపించే సాధనం 1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ చేతికి చిక్కింది. వార్త బయటికొచ్చిన రెండు వారాల్లోనే బ్రౌన్‌ష్వైగ్ ఊళ్ళో ఒట్టో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు గాజు పలకను నోట్లో పెట్టుకుని, కదలకుండా 25 నిమిషాలు కిరణాలు పట్టించుకున్నాడు. ఇప్పుడు సెకనులో చిన్న ముక్క చాలు. అమెరికాలో న్యూఆర్లియన్స్ దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ మరీ ఉత్సాహవంతుడు. ట్యూబు సరిగా పనిచేస్తోందో లేదో చూడడానికి ప్రతిసారీ తన చెయ్యే అడ్డం పెట్టేవాడు. ముందు వేళ్ళు పోయాయి, తరవాత చెయ్యి పోయింది. నొప్పి భరించలేక 1928లో ప్రాణం తీసుకున్నాడు. పంటి ఎక్స్‌రే అంటే ఇప్పటికీ జనానికున్న భయంలో కొంత ఆ తొలితరం డాక్టర్ల కాలిన చేతుల నుంచి వచ్చిందే.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ విద్యకు 1934లో పెద్ద కేంద్రం వెలిసింది, బర్నార్డ్ రేడియాలజీ సంస్థ. మూడేళ్ళకే తెలుగువాళ్ళ పళ్ళు వైద్య చరిత్రకెక్కాయి. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలూ, వంగని వెన్నుపూసలూ ఉన్నాయని 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు వ్యాసం ప్రచురించారు. పంటి మచ్చ కంటికే తెలుస్తుంది, దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. బిగుసుకుపోయిన వెన్నెముకలో ఏం జరుగుతోందో చూడడానికి మాత్రం ఎక్స్‌రే కావలసివచ్చింది. కన్ను ఆగిపోయిన చోట కిరణం పని మొదలైంది. క్లీనింగ్ ముందు ఎక్స్‌రే కావాలా అన్న ఇవాళ్టి ప్రశ్నకు సగం జవాబు ఈ 1937 వ్యాసంలోనే ఉంది.

దంతవైద్యం చదువుగా మనదాకా రావడం నిదానంగా జరిగింది. కలకత్తాలో ఆర్. అహ్మద్ 1920లో దంత కళాశాల పెట్టారు. దంతవైద్యుల చట్టం 1948లో వచ్చింది. హైదరాబాదు ప్రభుత్వ దంత కళాశాల 1959 నాటిది, బెజవాడకు ఆ భాగ్యం ఇంకా తరవాత. ఆ లోపు నాగాయలంకలోనో కోడూరులోనో పన్ను సలిపితే అవనిగడ్డో, పులిగడ్డ దాటి బందరో చేరాలి. అంత దూరం వెళ్ళేది పీకించుకోవడానికే కానీ శుభ్రం చేయించుకోవడానికి కాదు.

అందుకే గార తీయించుకోవడం ఇక్కడ చాలా కొత్త అలవాటు. దాని మీద ఒక గట్టి అపవాదు కూడా ఉంది, క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని. ఈ మాట పుట్టడానికి కారణం లేకపోలేదు. కొన్ని లాలాజల గ్రంథుల నోళ్ళు కింది ముందు పళ్ళ వెనక తెరుచుకుంటాయి కాబట్టి గార ముందుగా, మందంగా పేరుకునేది అక్కడే. అది ఏళ్ళ తరబడి పెరిగి నాలుగైదు పళ్ళను కలిపి గోడకు సిమెంటు పూసినట్టు పట్టి ఉంచుతుంది. ఆ మరుగున చిగురు జారిపోతుంది, ఎముక తరిగిపోతుంది. డాక్టరు స్కేలింగ్ చేసి గార రాల్చేసరికి పళ్ళ మధ్య సందులు బయటపడతాయి, చల్లగాలి తగిలితే జివ్వుమంటుంది, పన్ను కదులుతున్నట్టు తెలుస్తుంది. పన్ను ఎప్పుడో వదులైంది, నింద మాత్రం క్లీనింగ్‌కు పడుతుంది.

ఇక్కడే ఎక్స్‌రేకు నిజమైన పని ఉంది. గార ఉందో లేదో చూడడానికి చిన్న అద్దం చాలు. చిగురుకూ పంటికీ మధ్య లోతు కొలవడానికి మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి కడ్డీ ఒకటి ఉంటుంది. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా దిగితే మామూలే. ఐదూ ఆరూ దిగినా, పన్ను ఊగుతున్నా, చీము కారుతున్నా ఎముక ఎంత మిగిలిందో ఎక్స్‌రేలో చూసి తీరాలి. ఆ బొమ్మను రోగికి ముందే చూపిస్తే పళ్ళు వదులయ్యాయన్న నింద కూడా తప్పుతుంది. రెండు పళ్ళు ఒరుసుకునే సందులో పుట్టే పిప్పి కూడా కంటికి అందదు. దానికోసమే హోవర్డ్ రేపర్ 1925లో పళ్ళతో కరిచిపట్టే చిన్న ఫిల్ముతో తీసే పద్ధతి తెచ్చాడు. దాన్నే బైట్‌వింగ్ అంటారు. ఈ కారణాలేవీ లేని మామూలు గారకు ఎక్స్‌రే అక్కర్లేదు. దివిసీమ పల్లెల్లో బడి వరండాలో పెట్టే దంత శిబిరాల్లో అద్దమూ స్కేలరూ పట్టుకుని చేసేది కూడా ఈ ఎక్స్‌రే లేని క్లీనింగే.

మరి క్లీనింగ్‌కు ఎక్స్‌రే తప్పనిసరి అన్న మాట ఎక్కడిది? చాలావరకు అమెరికాది. అక్కడ ఆరు నెలలకోసారి క్లీనింగ్, ఏడాదికోసారి బైట్‌వింగ్‌లు బీమా ఖాతాలో పడిపోతాయి. ఎక్స్‌రే వద్దంటే క్లీనింగ్ కూడా చేయం అనే క్లినిక్కులున్నాయి. చూడకుండా చేసి జబ్బు తప్పిపోతే కోర్టుకెక్కుతారన్న భయం వాళ్ళది. కృష్ణా జిల్లా నుంచి అక్కడికి వెళ్ళిన పిల్లలు గుడివాడలో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్లో అదే చెబుతారు, ఎక్స్‌రే తీయకుండా పళ్ళ మీద చెయ్యి వేయనివ్వొద్దని. ఆ దేశపు నిపుణులు రాసుకున్న సూత్రాలు మాత్రం అలా లేవు. 1987లో మొదలుపెట్టి 2004లో, 2012లో సవరించిన ఆ మార్గదర్శకాల ప్రకారం ముందు నోరు పరీక్షించాలి, ఆ తరవాతే ఎక్స్‌రే సంగతి తేల్చాలి. పిప్పి లేని, ముప్పు తక్కువున్న పెద్దవాళ్ళకు బైట్‌వింగ్ 24 నుంచి 36 నెలలకోసారి చాలు. పిప్పి పళ్ళున్నవాళ్ళకు 6 నుంచి 18 నెలలు. ఎక్స్‌రే ఎప్పుడన్నది కేలండరు ఒక్కటే తేల్చేది కాదు, నోటి పరిస్థితి తేల్చాలి.

భయం విషయానికొస్తే, నాలుగు బైట్‌వింగ్‌లకు పడే కిరణాలు సుమారు 0.005 మిల్లీసీవర్ట్‌లు. నేల నుంచీ ఆకాశం నుంచీ మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ పడతాయి. అంటే ఆ నాలుగు బొమ్మలూ కలిపి ఒక్క రోజు వాటా కూడా కావు. 2024లో అమెరికా దంతవైద్య సంఘం నిపుణులు పంటి ఎక్స్‌రేకు సీసపు ఏప్రన్ కూడా అక్కర్లేదన్నారు. అనవసరపు ఎక్స్‌రేతో ఇక్కడ పోయేది ఆరోగ్యం కన్నా ముందు జేబే, ఎందుకంటే మన దగ్గర పంటి ఖర్చు బీమా కాకుండా ఇల్లే భరిస్తుంది. అలాగని అవసరమైన ఎక్స్‌రేను డబ్బు కోసం తీస్తున్నారని అనుమానించి మానుకుంటే నష్టం ఇంకా పెద్దది.

బందరులోనో గుడివాడలోనో కుర్చీలో కూర్చున్నాక ఎక్స్‌రే అంటే, ‘ఏ పంటికి డాక్టరుగారూ, ఏం చూడ్డానికి?’ అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. కింది దవడ పన్ను వెనక ఎముక చూడాలి అంటే తీయించుకోవాలి. క్లీనింగ్‌కు వచ్చినవాళ్ళందరికీ తీస్తాం అంటే, ముందు అద్దం పెట్టి చూడమనొచ్చు. ఏడాది రెండేళ్ళ కిందట తీసిన బొమ్మలు ఫోన్లో ఉంటే, అవి డాలస్‌లో తీసినవైనా సరే, ముందు వాటిని చూపించాలి.